వీపులు ఆనించిన చిలుకలు

వచ్చే శుక్రవారం నందిత పెళ్ళి. తమిళ నేల మీది గుడియాత్తం నెల్లూరుపేటలో ఆ ఇంటి ముందు పందిరి గుంజలు నాటేశారు. కానీ ఇంటి లోపల ఒక సంగతి ఇంకా తేలలేదు. చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో ఎవరి పెళ్ళికైనా బెండుతో బాసింగాలు కట్టి ఇచ్చిన తాత పద్మనాభన్, సొంత మనవరాలికి మాత్రం కట్టనన్నాడు. కొడుకు లోకనాథం అడిగి చూశాడు. నందిత ఏడ్చి అడిగింది. "మన ఇంటి ఆడబిడ్డకు నా చేత్తో కట్టేది లేదని ఎప్పుడో అనుకుంటిని. దాన్ని కదిలించొద్దండి" అని ఆయన కర్ర అందుకుని బయటికి వెళ్ళిపోయాడు. అలా ఆ పని కోడలు ఇందుమతి చేతికి వచ్చింది. పెళ్ళికొడుకు సెల్వకుమార్ బాసింగం కూడా ఆమే కట్టాలి. దానికి తమ ఇంటి పాత బాసింగం తీసుకుని వాళ్ళ అవ్వ అంజలై వేలూరు నుంచి వస్తానని కబురు చేసింది.

మధ్యాహ్నం భోజనాల వేళ. వీధిలో లుంగీల మగ్గాలు ఆగిపోయాయి. అవి ఆగినప్పుడు ఆ వీధికి నిద్ర పట్టినట్టు ఉంటుంది. పెంకుల సందులోంచి ఎండ ఒక దారంలా కిందికి దిగి, ఇందుమతి ముందున్న చాప మీద పడింది. చాప నిండా తెల్లని బెండు పొట్టు. జీలుగు బెండు చెరువు నీళ్ళలో పెరుగుతుంది. పైన తోలు గీసేస్తే లోపల నురగను గట్టిపరిచినట్టు తెల్లగా ఉంటుంది. బరువే ఉండదు. అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకుంటే చేతిలో ఏదైనా ఉందో లేదో చెప్పలేం. దాన్ని కోసేవాళ్ళు మాట్లాడరు. మాట్లాడితే ఊపిరికే రేకులు ఎగిరిపోతాయి. ఊపిరి బిగబట్టి కొయ్యాలి, కోసినది పక్కన పెట్టి ఊపిరి వదలాలి. పెళ్ళయి వచ్చిన కొత్తలో మామ ఆమెకు నేర్పిన మొదటి పాఠం అదే.

ఆ రోజు తెల్లవారుజామున ఇందుమతికి ఒక కల వచ్చింది. ఊరి పక్క కౌండిన్య ఏటిలో నీళ్ళు పారుతున్నాయి. నీళ్ళు కావవి, పాలలా ఉన్నాయి. వాటి మీద ఒక బాసింగం తేలుతూ వస్తోంది. ఏటికి ఎదురు వస్తోంది. ఆమె చెయ్యి చాపింది. వేళ్ళకు తడి తగిలింది, బాసింగం తగల్లేదు. మెలకువ వచ్చాక కూడా ఆ తడి వేళ్ళకు చాలాసేపు ఉన్నట్టే అనిపించింది.

"ఇందుమతీ, ఉండావా తల్లీ?"

వాకిట్లో అంజలై నిలబడి ఉంది. పొట్టి మనిషి. ముగ్గుబుట్టలాంటి జుట్టు. సిమెంటు తట్టలు మోసి మోసి వెడల్పయిన అరచేతులు. ఒక చంకలో సంచి, ఒక చేతిలో బిస్కెట్ల రేకు డబ్బా. పెళ్ళి నిశ్చయానికి ఆమె రాలేదు, మోకాళ్ళ నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది. ఫోన్‌లో మాట్లాడడమే గానీ ఇందుమతి ఆమెను చూడడం ఇదే మొదలు.

"రండమ్మా, రండి. బస్సులో కూర్చునే దానికి సీటు దొరికిందా?"

"దొరికింది. కే.వి.కుప్పంలో ఒకాయమ్మ కోడిపుంజును ఎత్తుకుని ఎక్కె. అది నా ఒళ్ళో కూర్చుని వచ్చింది. టికెట్టు దానికి లేదు, నాకు మట్టుకు కొట్టినాడు."

ఇందుమతి నవ్వి లేచే లోపలే ఆమె చెప్పులు విడిచి, నడవ దాటి, పెరట్లో తొట్టి దగ్గరికి వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చింది. మంచినీళ్ళు తాగింది. చాప మీది పొట్టును చేత్తో ఒక వారకు తోసి కూర్చుంది. తోసేటప్పుడు ఊదలేదు. కొత్తవాళ్ళందరూ ఊదుతారు.

"తెచ్చినాను చూడు" అంటూ డబ్బా మూత తీసింది. లోపల ఎండిన వేపాకు, కర్పూరం, ఒక పాత చీర ముక్క. ఆ ముక్క మడతలు ఒక్కొక్కటే విప్పింది. నిద్రపోతున్న బిడ్డ మీది దుప్పటి తీస్తున్నట్టు విప్పింది.

బాసింగం బయటపడింది. ఏళ్ళు పడి బెండు పసుపు రంగుకు తిరిగింది. జరీ నల్లబడింది. నుదుటికి ఆనే చోట దూది అట్ట కట్టింది. అయినా పనితనం చెక్కుచెదరలేదు. నడుమ తామర మొగ్గ, దాని చుట్టూ వడ్లగింజలంత రేకులు. మొగ్గకు రెండు పక్కలా రెండు చిలుకలు.

ఇందుమతి చేతిలోని కత్తి కింద పెట్టేసింది.

ఆ చిలుకలు ఒకదానికొకటి ఎదురుగా లేవు. వీపులు ఆనించుకుని, మెడలు మాత్రం వెనక్కి తిప్పి ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

ఈ వైపు తెలుగు ఇళ్ళలో బాసింగాన్ని ఎవరి ఇష్టానికి వాళ్ళు కట్టరు. ఒక్కో ఇంటికి ఒక్కో తీరు. కొందరికి నెమళ్ళు, కొందరికి చంద్రవంక, కొందరికి వట్టి మొగ్గలే. పెళ్ళయ్యాక బాసింగాన్ని ఇంట్లో దాచి, మళ్ళీ పెళ్ళి వచ్చినప్పుడు దాన్ని చూసి కొత్తది కడతారు. బడి కాగితాల్లో పేరుకు ముందు తండ్రి పేరు మొదటి అక్షరం ఒక్కటే ఉంటుంది కాబట్టి ఇక్కడ చాలామందికి ఇంటిపేర్లు మరుపున పడిపోయాయి. తెలుగు మాట్లాడతారు, రాయడం రాదు. ఇంటిపేరు మిగిలింది బాసింగంలోనే. ఒకే తీరు బాసింగం రెండు ఇళ్ళలో కనిపిస్తే ఆ రెండూ ఒకే ఇల్లని అర్థం. ఆ ఇళ్ళ బిడ్డలు అన్నాచెల్లెళ్ళు. వాళ్ళకు పెళ్ళి లేదు.

వీపులు ఆనించిన చిలుకలు పద్మనాభన్ ఇంటివి. మరే ఇంట్లోనూ లేవు. నందిత కోసం రేపు ఇందుమతి కొయ్యబోయేది కూడా వాటినే.

"ఇది మీ ఇంటిదేనామ్మా?" అని అడిగింది. ఇందుమతి వేలు ఆ చిలుకల మీద ఉంది.

"మా ఇంట్లో ఉండేది మాది కాక పక్కింటోళ్ళది తెస్తానా?"

"నిశ్చయం రోజు మీ కొడుకును ఇంటిపేరు అడిగితిమి. మాకు ఇంటిపేరు తెలీదు, నాయన కాలం నుంచీ మేస్త్రీ వాళ్ళనే అంటారు అన్నాడు."

"అవును. నిజమే చెప్పినాడు."

ఇందుమతికి నందిత మొహం కళ్ళ ముందు ఆడింది. వేలూరులో పని ముగించుకుని ఆదివారం వచ్చి, అద్దం ముందు నిలబడి, కోసి పెట్టిన మొగ్గ ఒకటి నుదుటికి ఆనించుకుని చూసుకున్న మొహం. ఆ పిల్ల నవ్వితే మొగ్గ ఊగింది.

"అమ్మా, ఈ పెండ్లి జరగదు" అంది ఇందుమతి.

అంజలై చీర ముక్కను ఒళ్ళో పరుచుకుంది.

"ఈ చిలకలు మా ఇంటివి. మీ ఇంట్లోనూ ఇవే ఉండాయంటే మనం ఒకే ఇంటోళ్ళం. మీ మనవడు నా బిడ్డకు అన్న అయితాడు. పత్రికలు పంచేస్తిమి, పందిరి వేస్తా ఉండాము. ఇప్పుడు నేను ఎవురికి ఏమని చెప్పేది? నందితకు ఏమని చెప్పేది?"

"ఏంది, నీ మొగం ఈ బెండుకన్నా తెల్లగా అయిపోయిండాది" అంది అంజలై. "తలుపు దగ్గరికి వేసి రా. ఇట్ల కూర్చో."

"ఎందుకమ్మా?"

"వేసి రా తల్లీ. మీ మామ వచ్చే లోపల చెప్పాల."

తలుపు దగ్గరికి వేసి వస్తుంటే ఇందుమతికి ఒక్కసారిగా తట్టింది. ఆ ఇంట్లో నడవ గుమ్మం పొట్టిది. మొదటిసారి వచ్చినవాళ్ళందరికీ తల తగులుతుంది. ఇందుమతికి తగిలింది, అల్లుడు కాబోతున్న సెల్వకుమార్‌కు తగిలి అందరూ నవ్వారు. కాళ్ళు కడుక్కోవడానికి వెళ్తూ అంజలై మాత్రం పైకి చూడకుండానే తల వంచి దాటింది. తొట్టి ఎక్కడ ఉందని కూడా అడగలేదు.

"మీరు ఈ ఇంటికి ముందు వచ్చిండారు" అంది ఇందుమతి నెమ్మదిగా.

"వచ్చేదేంది? పుట్టింది ఈడనే."

పెంకుల సందులోంచి దిగిన ఎండ కొంచెం జరిగి అంజలై అరచేతిలో పడింది. ఆమె దాన్ని మూసి పట్టుకుంది.

"ఈ చిలకలు మొగోళ్ళ వెంబడి రాలేదు తల్లీ, నా వెంబడి వచ్చినాయి. నీ మామ నాకు అన్న. నాకు తిరుపత్తూరు సంబంధం చూసినాడు. వెండి సామాన్ల అంగడోళ్ళు. మంచోళ్ళే, నేను వాళ్ళను ఏమీ అనను. అప్పుడు ఈ వీధి చివర బడికి గోడ కడతా ఉండిరి. రాయి పేర్చే మేస్త్రీ ఒకాయన నీళ్ళకు మన ఇంటికి వచ్చేవాడు. తెలుగే మాట్లాడతాడు గానీ మా మాదిరి కాదు, పాట పాడినట్టు. చెంబు తిరిగి ఇచ్చేటప్పుడు ఒకరోజు దాంట్లో బెండు పొట్టు పడిండాది అని చూపించినాడు. నీళ్ళ మీద తేలతా ఉండె. తీసి పారెయ్యి అంటిని. పారెయ్యలా. చొక్కా జేబులో పెట్టుకున్నాడు."

ఆమె అరచెయ్యి విప్పి ఎండను చాప మీదికి వదిలేసింది.

"అంతేనా?" అంది ఇందుమతి.

"అంతకన్నా ఏం కావాల? అన్న నా పెండ్లికి బాసింగం కోస్తా ఉండాడు. ఎన్ని రోజులు కోసినాడో. నా నుదురు కొలత దారంతో తీసుకున్నాడు. ఆ దారం తన చెవికి చుట్టుకుని తిరిగేవాడు, పారేసుకుంటానని. భోజనానికి లేచినాడు. మగ్గాలు ఆగిపోయిండాయి, ఇప్పటి మాదిరే. బాసింగం ఈ చాప మీదనే ఉండాది. దాన్ని పైట కింద పెట్టుకుని వేలూరు బస్సు ఎక్కితిని. పెట్టె తీసుకోలా, చీర తీసుకోలా. నగలుండె, ముట్టలా. అన్న కట్టిన బాసింగం లేకుండా తాళి కట్టించుకునేదానికి మనసు రాలా. ఆయనకు ఆడ అమ్మా నాయనా లేరు, వాళ్ళ ఇంటి బాసింగం ఏదో ఎవురికీ తెలీదు. ఈ ఒక్కదాన్నే ఆయన కాసేపు, నేను కాసేపు కట్టుకుంటిమి. నా కొడుకు పెండ్లికీ ఇదే కట్టినాము. మా ఇంట్లో ఇంకోటి యాడుండాది?"

ఇందుమతి బాసింగం వైపు చూసింది. మగవాళ్ళ వరసలో మాత్రమే నడుస్తుందని తాను నమ్మిన గుర్తు ఒక ఆడమనిషి పైట కింద దాక్కుని బస్సెక్కి వెళ్ళిపోయింది. ఏటికి ఎదురు వచ్చిన బాసింగం కలలో ఎందుకు కనబడిందో ఆమె ఆలోచించలేదు. వేళ్ళు మాత్రం మళ్ళీ తడిగా అనిపించాయి.

"ఇప్పుడు వరస కట్టి చూడు" అంది అంజలై. "నీ మొగుడు లోకనాథం నాకు మేనల్లుడు. నా కొడుకు వానికి బావ. బావ కొడుకు నీ ఇంటికి అల్లుడు కాక ఏమయితాడు? అడగాల్సిన ఇంట్లోనే పిల్లను అడిగితిని. తెలిసే అడిగితిని. మా వేలూరులోనే, సత్తువాచారి మంటపంలో ఎవురి పెండ్లిలోనో నందిత బాసింగాలు తెచ్చి ఇస్తా ఉండె. పిల్ల నడక చూస్తూనే మా అమ్మ నడిచి వచ్చినట్టు ఉండె. సెల్వాకు అప్పుడే చెప్పినాను, చేసుకుంటే ఆ పిల్లను చేసుకో, లేదంటే ఊరికే ఉండు అని. వాడు నాకంటే ముందే చూసేసిండాడు. ఆ సంగతి నాకు తర్వాత తెలిసె."

ఇందుమతి గుండె మీద నుంచి ఎవరో రోలు దించినట్టయింది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ ఊపిరికి చాప మీది రేకులు లేచి ఇద్దరి మధ్య తిరిగి, అంజలై జుట్టు మీద వాలాయి. తెలుపు మీద తెలుపు, కనిపించలేదు.

"చిన్నమ్మా" అంది. మామ చెల్లెల్ని ఏమని పిలవాలో నోటికి దానంతటదే వచ్చింది. "మామకు చెల్లెలు ఒకామె ఉండె, ఏటిలో నీళ్ళు వచ్చినప్పుడు కొట్టుకుని పోయింది అని చెప్పిండారు మాకు."

"అట్ల చెప్పినాడా?"

"ఏటేటా ఆషాఢంలో, ఆడి నెలలో, ఏటికి పోతాడు. నీళ్ళు లేకపోతే ఇసుక తవ్వుతాడు, చెలమ ఊరేదాకా. ఊరినాక దాంట్లో బెండు పువ్వు ఒకటి వదిలి వస్తాడు. మమ్మల్ని ఎవుర్నీ రానియ్యడు."

అంజలై పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాని వెనక నుంచే, "ఏం పువ్వు?" అని అడిగింది.

"మల్లె."

"నాకు మల్లెలంటే తలనొప్పి. వానికి తెలుసు" అంది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "కావాలనే పెట్టింటాడు."

తర్వాత ఆమె బాసింగాన్ని ఎడమవైపుకు తిప్పింది. "దీన్ని చూడు." ఎడమ చిలుక రెక్కలో ఈకలు వరసగా పేర్చి ఉన్నాయి. చివర ఒక ఈక పట్టేంత ఖాళీ ఉంది. "ఇది ఒక్కటే మిగిలిండె. తిని వచ్చి కోస్తానని లేచినాడు. నువ్వు కొత్తది కట్టేటప్పుడు ఇట్లనే కట్టు, ఈక లేకుండానే. మాది అదే తీరు ఇప్పుడు."

"మామకు చెబుదాం చిన్నమ్మా."

"వద్దు." ఆమె బాసింగాన్ని తన వైపు లాక్కుంది. "నా కొడుకు పుట్టినప్పుడు ఒకామెతో చెప్పి పంపితిని. ఏమన్నాడో తెలుసా? ఆ బాసింగం మళ్ళీ నా చేతికి దొరికితే ముక్కలు ముక్కలుగా కోసి పొయ్యిలో వేస్తాను, ఆ మేస్త్రీ కడుపున పుట్టినోళ్ళకు నా ఇంటి పిల్ల ఎదురు కూడా రాకూడదు అన్నాడు. అన్న ఒకసారి అంటే తిప్పుకోడు. తెలిస్తే ఆ పందిరి గుంజలు పీకించేస్తాడు. లోకనాథం నాయన మాట దాటడు. నాకేం, నేను అలవాటుపడిన దాన్ని. ఆ బిడ్డలిద్దరూ ఏం చేసినారు? పెండ్లి అయిపోనీ. మంటపంలో యాడో వెనక వరసలో కూర్చుని అన్నను చూసుకుని పోతాను. ఆయన కండ్లకు పొర కమ్మిందని సెల్వా చెప్పినాడు. అంజలై అనే పేరు మా ఆయన పెట్టింది, అన్నకు తెలీదు. నేను నోరు తెరవకపోతే సరి."

అప్పుడే కర్ర చప్పుడు వినిపించింది. అంజలై గబగబా బాసింగాన్ని చీర ముక్కలో చుట్టి డబ్బాలో పెట్టేసింది.

తలుపు తోసుకుని వాకిలి దాటి, నడవ దాటి, గుమ్మం దగ్గర తల వంచి పద్మనాభన్ లోపలికి వచ్చాడు. ఆయన కళ్ళకు ఇప్పుడు వెలుగూ నీడా తప్ప మనిషి తెలియదు. అయినా రోజూ చాప దగ్గరికి వచ్చి కూర్చుని, వేళ్ళతో తడుముతూనే బెండు కొయ్యకుండా ఉండలేడు. మనవరాలి పెళ్ళి పని మొదలయ్యాక మాత్రం చాపకు దూరంగా గోడకు ఆనుకుని కూర్చుంటున్నాడు.

"ఎవురు వచ్చిండారు? కర్పూరం వాసన వస్తా ఉండాది."

"పెండ్లికొడుకు అవ్వ, మామా. వేలూరు నుంచి" అంది ఇందుమతి.

"అట్లనా. రండమ్మా, కూర్చోండి. ఏం అనుకోవద్దండి, కండ్లు సరిగ్గా లేవు. బాసింగం తెచ్చినారా?"

అంజలై రెండు చేతులూ జోడించింది. ఆయనకు అది కనబడదు కదా.

"నీళ్ళు లేని ఏరు, రాజు లేని కోట అంటారు మీ వేలూరును. మాటల్లేని సంబంధి కూడా ఉంటారని ఇప్పుడే తెలిసె" అని ఆయన నవ్వాడు.

"చిన్న... అవ్వకు గొంతు బాగలేదు మామా" అంది ఇందుమతి.

"పోనీలే, పాపం. ఎవురి ఇంటి తీరో చూస్తాను, యాడ?" అంటూ ఆయన చాప వైపు జరిగాడు. ఇందుమతి డబ్బా వెనక్కి లాగే లోపల ఆయన చెయ్యి దాని మీద పడింది. వేపాకు తగిలింది, చీర ముక్క తగిలింది. బాసింగం పైకి వచ్చింది.

ఆయన వేళ్ళు మొగ్గ మీద నడిచాయి. రేకుల మీద నడిచాయి. కుడి చిలుక ముక్కు, మెడ మలుపు, వీపు. అక్కడ ఒక్క క్షణం ఆగాయి. మొహంలోంచి నవ్వు పోలేదు, నవ్వు సంగతి ఆయన మరిచిపోయినట్టు అలా ఉండిపోయింది. వేళ్ళు ఎడమ చిలుకకు వచ్చాయి. రెక్క మీద ఒక్కొక్క ఈకనూ తాకుతూ చివరికి వెళ్ళాయి.

ఖాళీలో దిగబడ్డాయి.

వీధిలో ఒక మగ్గం మొదలయింది. తర్వాత ఇంకొకటి. ఆయన ఆ ఖాళీలోంచి వేలు తియ్యలేదు. అంజలై కూర్చున్న చోటే గోడలోకి ఇంకిపోవాలన్నట్టు వెనక్కి జరిగింది.

"ఇందూ" అన్నాడు పద్మనాభన్ చివరికి. "కత్తి ఇట్లియ్యి."

ఇందుమతి కత్తి మీద అరచెయ్యి కప్పింది. "ఎందుకు మామా?"

"ఇయ్యమ్మా. పదునుది."

ఆమె కత్తి తీసుకుంది గానీ ఇవ్వలేదు. గుప్పిట్లో పెట్టుకుని అంజలై వైపు చూసింది. అంజలై లేచి వచ్చింది. ఇందుమతి గుప్పిలి విప్పి కత్తి అందుకుంది. పదును వైపు తన అరచేతిలో ఉంచుకుని, పిడి అన్న వైపు తిప్పి ఆయన చేతిలో పెట్టింది. బెండు పని చేసే ఇంట్లో పుట్టిన పిల్లలకు మాటలకన్నా ముందు నేర్పేది అది. కత్తి ఎవరికి ఇచ్చినా పదును మన వైపు ఉండాలి.

పద్మనాభన్ పిడి పట్టుకున్నాడు. ఆమె అరచెయ్యి కాయలు కాచి ఉంది. ఆ కాయలు ఆయన వేళ్ళకు తగిలాయి. వాటి మీద ఆయన బొటనవేలు ఒకసారి మెల్లగా కదిలింది.

బాసింగాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. ఎడమ చెయ్యి చాప మీద పొట్టులో వెతుకుతోంది, కొత్త బెండు ముక్క కోసమో, ఊతం కోసమో ఇందుమతికి తెలియలేదు. కత్తి మొన చిలుక రెక్కలోని ఆ ఖాళీ అంచుకు వచ్చి ఆగింది.

కోతకు ముందు బిగబట్టినట్టే ఆయన ఊపిరి బిగబట్టాడు.